మాత్రలు మానిన తొలి రోజులు – సహనం, చికిత్స, కుటుంబ ధర్మం

అల్లాహ్ మానవునికి ప్రసాదించిన అనుగ్రహాలలో ఔషధం ఒకటి. నొప్పితో రాత్రంతా నిద్రలేక మూలిగే రోగికి ఒక చిన్న మాత్ర కొన్ని గంటల హాయినిస్తుంది. ఆ హాయికి మనం అల్లాహ్‌కు కృతజ్ఞత చెప్పుకోవాలి. అయితే కొన్ని రకాల నొప్పి మాత్రలు నెలల తరబడి రోజూ వాడితే, నొప్పి తగ్గిన తర్వాత కూడా మాత్ర మనిషిని వదలదు. ఒక పూట వేసుకోకపోతే ఒళ్లు విరుచుకుపోతుంది. చెమటలు పడతాయి. కడుపులో తిప్పుతుంది. నిద్ర రాదు. ఇంట్లో వారి మీద అకారణంగా కోపం వస్తుంది. అప్పుడు ఆ మనిషి మళ్లీ మెడికల్ షాపు దారి పడతాడు.

ఇలాంటి ఇళ్లు మన మధ్యనే ఉన్నాయి. సిగ్గు వల్ల వారు బయటికి చెప్పుకోరు. చెప్పుకున్నా, “ఈ రాత్రే తౌబా చేసి అన్నీ పారెయ్” అనేవారు ఒకవైపు, “ఈమాన్ బలహీనంగా ఉంది కాబట్టే మానలేకపోతున్నాడు” అనేవారు మరోవైపు ఎదురవుతారు. ఈ రెండు మాటలూ మంచి ఉద్దేశంతోనే అని ఉండవచ్చు. కాని ఈ రెండూ రోగికి హాని చేయగలవు. మాత్ర మానడం ఎంత అవసరమో, దాన్ని తెలిసినవారి పర్యవేక్షణలో మానడం కూడా అంతే అవసరం. ఈ పాఠంలో మనం తెలుసుకోబోయే ముఖ్య విషయం ఇదే.

మన ప్రాంతం, మన నొప్పులు

కరీంనగర్, ఆదిలాబాద్ పాత జిల్లాల్లో ఒళ్లు నొప్పి అన్నది ఎక్కువగా చేసే పనితోనే వస్తుంది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ ప్రాంతాల్లో ఎన్నో ముస్లిం ఇళ్లలో అమ్మీలు, ఆపాలు, భాబీలు బీడీలు చుట్టి సంసారం నడుపుతున్నారు. ఒళ్లో చాట పెట్టుకొని, మెడ వంచి, వెయ్యి బీడీల లెక్క పూర్తయ్యే వరకు కదలకుండా కూర్చుంటారు. మెడ, నడుము, వేళ్ల కీళ్లు పట్టేస్తాయి. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి బొగ్గు గనుల్లో పనిచేసిన వారి నడుము నొప్పి పదవీ విరమణ తర్వాత కూడా వారి వెంటే ఉంటుంది. గల్ఫ్ దేశాల్లో కూలి పని చేసి తిరిగి వచ్చిన సోదరుల మోకాళ్లు, వెన్నుపూసల సంగతి చెప్పనవసరం లేదు.

వీరంతా మత్తు కోసం మాత్రలు మొదలుపెట్టినవారు కారు. రేపు మళ్లీ పనికి కూర్చోవాలి కాబట్టి మొదలుపెట్టినవారు. మొదట డాక్టర్ రాసిన పది రోజుల చీటీ. తర్వాత అదే చీటీ చూపించి మరో పట్టీ. ఆ తర్వాత చీటీ లేకుండానే, “ఆ తెల్ల గోలీలు ఇవ్వు భాయ్” అని అడిగి తెచ్చుకోవడం. ఇలా ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి.

ఏ మాత్ర ఎలాంటిది?

నొప్పి మాత్రలన్నీ ఒకటి కావు. వీటిని మనం మూడు వర్గాలుగా అర్థం చేసుకోవచ్చు.

మొదటి వర్గం పారాసిటమాల్, డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి. ఇవి శరీరాన్ని మత్తుకు బానిస చేయవు. కాని డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ రోజూ వాడితే కడుపులో పుండ్లు పడవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. పారాసిటమాల్ మోతాదు మించితే కాలేయానికి ప్రమాదం. తలనొప్పి కోసం నెలలో 15 రోజులు, అంతకు మించి ఇలాంటి మాత్రలు వేసుకునేవారికి మాత్రల వల్లనే తలనొప్పి వచ్చే స్థితి కూడా ఉంది. మానిన తొలి రోజుల్లో ఆ తలనొప్పి ఇంకా పెరుగుతుంది. సాధారణంగా పది రోజుల లోపు తగ్గుముఖం పడుతుంది.

రెండవ వర్గం నల్లమందు జాతికి చెందినవి. ట్రమడాల్, టాపెంటడాల్, కోడీన్ మొదలైనవి ఈ కోవలోనివి. తీవ్రమైన నొప్పికి, ఆపరేషన్ల తర్వాత, క్యాన్సర్ రోగులకు ఈ జాతి మందులు ఎంతో మేలు చేస్తాయి. కాని రోజూ వాడితే శరీరం వీటికి అలవాటు పడుతుంది. ఒకప్పుడు మన ఊళ్లలో విరివిగా అమ్ముడైన డెక్స్‌ట్రోప్రొపాక్సిఫీన్ కూడా ఈ జాతిదే. దాని అమ్మకాన్ని కేంద్ర ప్రభుత్వం 2013లో నిలిపివేసింది. ట్రమడాల్‌ను 2018లో మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చింది.

మూడవ వర్గం నిద్ర మాత్రలు, ఆందోళన తగ్గించే మాత్రలు. ఆల్ప్రజోలామ్, డయాజిపామ్, క్లోనజిపామ్ ఇందులోనివి. ఇవి నొప్పి మాత్రలు కావు. అయినా నొప్పితో నిద్ర పట్టని వారు నొప్పి మాత్రతో పాటు వీటిని కూడా వేసుకుంటుంటారు. ఈ రెండు వర్గాల మాత్రలను కలిపి వేసుకోవడం చాలా ప్రమాదం. రెండూ కలిసి ఊపిరిని మందగింపజేస్తాయి.

మీ ఇంట్లో ఉన్న మాత్ర ఏ వర్గానిదో తెలుసుకోవడానికి పట్టీ చూడండి. ట్రమడాల్, ఆల్ప్రజోలామ్ వంటి మందులను డాక్టర్ చీటీ మీదనే అమ్మాలి, అమ్మిన వివరాలు ప్రత్యేక రిజిస్టరులో రాసుకోవాలి అన్న నిబంధన 2014 మార్చి నుంచి అమలులో ఉంది. అలాంటి పట్టీల మీద ఎర్ర గీతల పెట్టెలో హెచ్చరిక ముద్రించి ఉంటుంది. చదవడం రాకపోతే పిల్లల చేత చదివించండి. పట్టీ చింపి విడి మాత్రలు ఇచ్చే చోట మందు కొనకండి.

శరీరం ఎందుకు ఎదురు తిరుగుతుంది?

నొప్పిని ఓర్చుకోవడానికి అల్లాహ్ మన మెదడులోనే ఒక ఏర్పాటు చేశాడు. నొప్పిని చల్లార్చే కొన్ని పదార్థాలు శరీరంలో వాటంతటవే తయారవుతాయి. నల్లమందు జాతి మాత్రలు ఆ పదార్థాలు పనిచేసే చోటనే వెళ్లి పనిచేస్తాయి. నెలల తరబడి బయటి నుంచి మందు అందుతుంటే మెదడు దానికి తగ్గట్టు తనను తాను మార్చుకుంటుంది. మునుపటి మోతాదు చాలదు. మందు ఒక్కసారిగా ఆగిపోతే, అంతవరకు అణగి ఉన్న నాడీ వ్యవస్థ ఒక్కసారిగా చెలరేగుతుంది. వణుకు, చెమట, విరేచనాలు, నిద్రలేమి అందుకే వస్తాయి.

గమనించండి! ఇది శరీరంలో జరిగే మార్పు. ఐదు పూటల నమాజు చేసే వ్యక్తికైనా, చేయని వ్యక్తికైనా ఇది ఒకే తీరున జరుగుతుంది. జ్వరం వచ్చినవాడి ఒంటి వేడిని చూసి అతని ఈమాన్‌ను కొలవము కదా! ఇది కూడా అంతే.

తెలియనప్పుడు అడగాలి

హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. ఒక ప్రయాణంలో ఒక సహాబీకి రాయి తగిలి తలకు గాయమైంది. ఆ స్థితిలోనే ఆయనకు గుస్ల్ చేయవలసిన అవసరం ఏర్పడింది. నీళ్లకు బదులు తయమ్ముమ్ చేసుకునే సడలింపు తనకు ఉందా అని తోటివారిని అడిగారు. నీళ్లు అందుబాటులో ఉన్నాయి కాబట్టి నీకు సడలింపు లేదని వారు చెప్పారు. ఆయన స్నానం చేశారు, దాని వల్ల మరణించారు. ఈ విషయం తెలిసినప్పుడు దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) తీవ్రంగా బాధపడ్డారు. ఆ చావుకు వారినే బాధ్యులను చేశారు. తెలియనప్పుడు ఎందుకు అడగలేదని నిలదీశారు. అజ్ఞానానికి మందు అడిగి తెలుసుకోవడమేనని బోధించారు.

ఈ హదీసు మన పాఠానికి పునాది వంటిది. ఆ సహచరుల ఉద్దేశం చెడ్డది కాదు. ధర్మాన్ని పాటించాలనే వారు అలా చెప్పారు. కాని రోగి స్థితిని తెలుసుకోకుండా కఠినమైన మార్గం చూపించారు. ఈనాడు మాత్రలకు అలవాటు పడిన వ్యక్తితో, “ఈ రాత్రి నుంచి ఒక్కటి కూడా ముట్టకు” అని మనం చెప్పినప్పుడు, అతడు ఏ మాత్ర, ఎంత, ఎంతకాలంగా వేసుకుంటున్నాడో మనకు తెలుసా? తెలియకపోతే మొదట తెలిసినవారిని, అంటే వైద్యుణ్ణి అడగాలి. తమను తాము వినాశానికి గురి చేసుకోరాదని దివ్య ఖుర్ఆన్ (2:195) హెచ్చరిస్తోంది. వైద్యం చేయించుకోమని దైవప్రవక్త (స) ఆదేశించిన హదీసు అబూ దావూద్, తిర్మిజీలలో ఉంది. వృద్ధాప్యం తప్ప ప్రతి వ్యాధికీ అల్లాహ్ మందును సృష్టించాడని ఆయన అందులో తెలియజేశారు.

2015 నేర్పిన పాఠం

ఒక్కసారిగా మానితే ఏమవుతుందో ఉత్తర తెలంగాణ కళ్లారా చూసింది. 2015 సెప్టెంబరులో ప్రభుత్వం కల్తీ కల్లుపై దాడులు ముమ్మరం చేసింది. ఆ కల్లులో ఆల్ప్రజోలామ్, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతుండేవారు. అమ్మకం ఒక్కసారిగా ఆగిపోగానే నిజామాబాద్, దాని పరిసర జిల్లాల్లో వందలాది మంది ఆసుపత్రుల పాలయ్యారు. చేతులు వణకడం, ఫిట్స్ రావడం, మతి తప్పి మాట్లాడటం, లేనివి కనిపిస్తున్నాయని కేకలు వేయడం వంటి లక్షణాలతో వారు వచ్చారు. కొందరు చనిపోయినట్టు కూడా అప్పట్లో వార్తలు వచ్చాయి.

కల్లు హరామ్ అన్న విషయంలో మనకు ఎలాంటి సందేహం లేదు. ఇక్కడ మనం గ్రహించవలసింది వైద్యపరమైన పాఠం. తాము తాగింది కల్లు మాత్రమేనని వారు అనుకున్నారు. వారి శరీరాలు అలవాటు పడింది అందులోని నిద్ర మందుకు. అదే మందు మాత్ర రూపంలో మన ఇంట్లో ఉంటే, దాన్ని ఒక్కసారిగా ఆపినప్పుడు అదే ప్రమాదం మన ఇంట్లో కూడా జరగగలదు. కాబట్టి ఆల్ప్రజోలామ్ వర్గం మాత్రలను రోజూ వాడుతున్నవారు సొంతంగా ఒక్కసారిగా మానకూడదు. వైద్యుడు వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తూ మాన్పిస్తాడు. నరాల నొప్పికి వాడే ప్రిగాబాలిన్, గాబాపెంటిన్ మాత్రలను కూడా ఇలాగే నెమ్మదిగా తగ్గించాలి.

కొద్దికొద్దిగా తగ్గించడం పాపమా?

“హరామ్ అని తెలిశాక ఇంకా సగం మాత్ర ఎలా వేసుకోవాలి?” అని కొందరు మథనపడతారు. మత్తు కోసం వేసుకోవడం వేరు, వైద్యుడు చికిత్సగా కొలిచి ఇచ్చిన మందు వేసుకోవడం వేరు. మత్తు కలిగించే ప్రతిదీ నిషిద్ధం. ఇది స్థిరమైన ఆదేశం. అయితే గత్యంతరం లేని స్థితిలో ఉన్నవారికి అల్లాహ్ సడలింపునిచ్చాడు (2:173, 6:119). ప్రాణాపాయం తప్పించడానికి, క్రమంగా విముక్తి పొందడానికి వైద్యుడు ఇచ్చే మోతాదు చికిత్స కిందికే వస్తుంది. మోతాదు పెంచుకోవడం, దాచి పెట్టుకోవడం, వైద్యునికి అబద్ధం చెప్పడం మాత్రం చికిత్స కాదు. ఇంకా సందేహం ఉన్నవారు వైద్యుని మాటను వెంటబెట్టుకొని తమ ఊరి ఆలిమ్‌ను సంప్రదించాలి.

మద్యపాన నిషేధం కూడా ఒక్క రోజులో రాలేదు. మొదట అందులో లాభం కంటే పాపం ఎక్కువని తెలియజేయబడింది (2:219). తర్వాత మత్తులో నమాజు దరిదాపులకు రావద్దని ఆదేశం వచ్చింది (4:43). చివరికి సంపూర్ణ నిషేధం అవతరించింది (5:90). ఈనాడు ఎవరూ ఆ తొలి దశలకు వెనుదిరగరాదు. కాని బలంగా వేళ్లూనిన అలవాటు నుంచి మానవులను ఎలా బయటికి తీసుకురావాలో వారిని సృష్టించిన ప్రభువుకు బాగా తెలుసునని మనం దీని ద్వారా గ్రహించాలి.

తొలి రోజులు ఎలా గడుస్తాయి?

ట్రమడాల్ వంటి నల్లమందు జాతి మాత్రలు మానినవారికి, లేదా బాగా తగ్గించినవారికి ఏం జరుగుతుందో ముందే తెలిసి ఉంటే భయం సగం తగ్గుతుంది.

మొదటి రోజు: చివరి మాత్ర వేసుకున్న 8 నుంచి 24 గంటల్లో లక్షణాలు మొదలవుతాయి. ఆవులింతలు, కళ్ల వెంట నీరు, ముక్కు కారడం, చెమటలు, ఒక చోట కూర్చోలేకపోవడం కనిపిస్తాయి. జలుబు చేసిందని పొరబడతారు.

రెండవ, మూడవ రోజులు: ఇవే అన్నిటికంటే కష్టమైనవి. ఒంటి మీద రోమాలు నిక్కబొడుచుకుంటాయి. కాళ్లలో పోట్లు, కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు వస్తాయి. నిద్ర ఉండదు. ట్రమడాల్ మానినవారిలో కొందరికి తీవ్రమైన ఆందోళన, ఒంట్లో కరెంటు కొట్టినట్టు జలదరింపు కూడా ఉంటుంది. పాత నొప్పి రెట్టింపైనట్టు అనిపిస్తుంది. చాలామంది మళ్లీ మాత్రకు లొంగిపోయేది ఈ రెండు రోజుల్లోనే.

నాలుగు నుంచి పది రోజులు: ఒంటి బాధలు ఒక్కొక్కటిగా తగ్గుతాయి. ఆకలి మెల్లగా వస్తుంది. నిద్ర, మనసు కుదుటపడటానికి ఇంకా కొన్ని వారాలు పట్టవచ్చు.

ఈ బాధను తగ్గించే మందులు వైద్యుల దగ్గర ఉన్నాయి. వాంతులకు, విరేచనాలకు, వణుకుకు వేర్వేరు మందులిస్తారు. అవసరమైనవారికి బ్యూప్రెనార్ఫిన్ వంటి మందును పర్యవేక్షణలో ఇచ్చి, నెమ్మదిగా బయటికి తెస్తారు. కాబట్టి పళ్లు బిగించి ఒంటరిగా బాధపడటమే గొప్ప అని భావించకండి.

గర్భవతులకు ప్రత్యేక హెచ్చరిక. గర్భంతో ఉన్న స్త్రీ ఈ మాత్రలు ఒక్కసారిగా మానితే కడుపులోని బిడ్డకు ప్రమాదం. అత్తగారింట్లో చెప్పడానికి సిగ్గుపడినా, ఆసుపత్రిలో డాక్టరమ్మకు తప్పకుండా చెప్పాలి.

ఇంట్లో చేయవలసినవి

వైద్యుణ్ణి కలిసిన తర్వాత ఇంటి బాధ్యత మొదలవుతుంది.

1. మాత్రల పట్టీలు రోగి దగ్గర ఉంచకండి. నమ్మకమైన ఒక్కరు, తల్లి గాని, భార్య గాని, అన్న గాని వాటిని తాళం వేసి ఉంచి, వైద్యుడు చెప్పిన వేళకు చెప్పినంతే ఇవ్వాలి. పిల్లలకు అందకుండా చూడాలి.

2. నీళ్లు తగ్గనివ్వకండి. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు పోతుంది. ఓఆర్ఎస్ ప్యాకెట్ కలిపిన నీళ్లు, ఉప్పు వేసిన బియ్యం గంజి, పలుచని మజ్జిగ, అంబలి కొద్దికొద్దిగా చాలాసార్లు తాగించండి.

3. తేలికైన ఆహారం పెట్టండి. బార్లీ పిండితో చేసే తల్బీనా అనే జావ రోగి గుండెకు ఊరటనిస్తుందని, దుఃఖాన్ని కొంత తగ్గిస్తుందని దైవప్రవక్త (స) తెలిపినట్టు హజ్రత్ ఆయెషా (రజి) ఉల్లేఖించారు (బుఖారీ). తిండి సహించని రోజుల్లో ఇలాంటి జావ ఎంతో అనుకూలం. అయితే ఇది మందుకు తోడు మాత్రమే. మందుకు బదులు కాదు.

4. గోరువెచ్చని నీళ్లతో స్నానం, కాళ్లకు నూనె మర్దన కండరాల పోట్లను కొంత తగ్గిస్తాయి. రాత్రి టీ, కాఫీ మానిపించండి.

5. రెండవ, మూడవ రాత్రులు రోగిని ఒంటరిగా వదలకండి. ఇంట్లోవారు వంతులు వేసుకొని మేలుకోండి.

6. నాటు మందులు, పేరు తెలియని పొడులు, మరొకరికి రాసిన మాత్రలు ఇవ్వకండి.

బీడీలు చుట్టే సోదరీమణులకు ఈ పది రోజులు పని నుంచి సెలవు కావాలి. చుట్టకపోతే కూలి లేదు కాబట్టి ఇది సులభం కాదని మనకు తెలుసు. ఇక్కడే బంధువులు, మొహల్లా వారు ముందుకు రావాలి. వారం పది రోజులకు బియ్యం, పప్పు అందించడం, పిల్లలను చూసుకోవడం గొప్ప సదఖా.

నమాజు, ఉపవాసం

హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు మొలల వ్యాధి ఉండేది. నిలబడి, అది చేతకాకపోతే కూర్చొని, అదీ చేతకాకపోతే పక్కకు ఒరిగి నమాజు చేయమని దైవప్రవక్త (స) ఆయనకు అనుమతినిచ్చారు (బుఖారీ). మాత్ర మానిన రోగికి కూడా ఇదే వర్తిస్తుంది. మస్జిదుకు రాలేకపోతున్నాడని అతణ్ణి నిందించరాదు.

రమజాన్ నెలలో రోగికి అల్లాహ్ సడలింపునిచ్చాడు. తప్పిపోయిన ఉపవాసాలను కోలుకున్న తర్వాత పూర్తి చేయవచ్చు (2:184–185). తమకు అల్లాహ్ సౌలభ్యాన్నే కోరుతున్నాడని అదే ఆయత్ మనకు తెలియజేస్తోంది. వాంతులు, విరేచనాలు అవుతున్న రోగి పట్టుదలతో రోజా ఉంటే ఒంట్లో నీరు ఇంకిపోయి ప్రాణం మీదికి రావచ్చు.

మరో విషయం కూడా చాలామంది గమనించరు. రోజూ మూడు నాలుగు పూటలు మాత్ర వేసుకునేవారు రోజా ఉన్నప్పుడు అసర్ వేళకు వణుకు, చిరాకు, చెమటలు అనుభవిస్తారు. ఆకలి వల్ల అనుకుంటారు. కొందరి విషయంలో అది మాత్ర అందకపోవడం వల్ల వచ్చిన లక్షణం. అలాంటివారు ఇఫ్తార్ కాగానే తప్పిన పూటలవి కూడా కలిపి రెండు మూడు మాత్రలు ఒకేసారి మింగుతారు. ఇది ప్రాణాపాయం. రమజాన్‌కు నెల రెండు నెలల ముందే వైద్యుణ్ణి కలిసి వేళలు, మోతాదు సరిచేయించుకోవాలి. రమజాన్ మొదటి రోజున అన్నీ ఒక్కసారిగా మానేస్తానని సంకల్పించేవారు కూడా ముందుగా వైద్యుణ్ణి కలవాలి.

బాధను చెప్పుకోవడం సహనానికి విరుద్ధమా?

కాదు. హజ్రత్ అయ్యూబ్ (అలైహిస్సలామ్) తనకు బాధ కలిగిందని తన ప్రభువుతో మొరపెట్టుకున్నారు (21:83). అయినా అల్లాహ్ ఆయనను సహనశీలునిగా ప్రశంసించాడు (38:44). వైద్యునితో, ఇంటివారితో నొప్పిని చెప్పుకున్నంత మాత్రాన సహనం పోదు. విశ్వాసికి కలిగే అలసట, వ్యాధి, దుఃఖం, చివరికి గుచ్చుకున్న ముల్లు కూడా అతని పాపాలను రాల్చివేస్తాయని హదీసుల్లో ఉంది (బుఖారీ, ముస్లిం). నిద్రలేని ఆ రెండు రాత్రులు అల్లాహ్ దృష్టిలో వృథా కావు.

ఇంటివారి మాట మందులా ఉండాలి

దైవప్రవక్త (స) కాలంలో ఒక వ్యక్తి పదే పదే మద్యం సేవించి పట్టుబడేవాడు. ఒకసారి అతణ్ణి తీసుకొచ్చినప్పుడు ఎవరో అతణ్ణి శపించారు. దైవప్రవక్త (స) వెంటనే వారించారు. అతడు అల్లాహ్‌ను, ఆయన ప్రవక్తను ప్రేమించేవాడని సాక్ష్యమిచ్చారు. ఇలాంటి మరో సందర్భంలో, మీ సోదరునికి వ్యతిరేకంగా షైతాన్‌కు సహాయపడకండి అన్న భావంతో ఉపదేశించారు. ఈ రెండు ఉల్లేఖనాలూ బుఖారీలో ఉన్నాయి.

ఆలోచించండి. తెలిసి మద్యం తాగి శిక్షకు తీసుకురాబడిన వ్యక్తి విషయంలోనే ఇంత దయ చూపమన్నారు. నొప్పి భరించలేక డాక్టర్ రాసిన మాత్రతో మొదలుపెట్టి చిక్కుకుపోయిన తల్లిని, తమ్ముణ్ణి మనం ఎలా చూడాలి? “గోలీలకు బానిసవు” అనే మాట రోగిని మళ్లీ అదే షాపుకు పంపుతుంది. “ఈ రాత్రి గడవనీ భాయ్, పొద్దున నేనే డాక్టర్ దగ్గరికి తీసుకుపోతాను” అనే మాట ఆ రాత్రి దాటిస్తుంది. తోటి ముస్లిం లోపాన్ని కప్పిన వారి లోపాలను ప్రళయదినాన అల్లాహ్ కప్పుతాడని హదీసులో ఉంది (ముస్లిం). మొహల్లాలో ఈ సంగతి చెప్పి తిరగడం ఘోరమైన తప్పు. అయితే కప్పి ఉంచడం అంటే వైద్యుని దగ్గర కూడా దాచడం కాదు.

గండం గడిచాక మరో గండం

ఇది ప్రతి ఇంటివారూ గుర్తుంచుకోవలసిన విషయం. పది రోజులు మాత్ర మానిన శరీరం పాత మోతాదును తట్టుకునే శక్తిని కోల్పోతుంది. ఒక బలహీన క్షణంలో ఆ వ్యక్తి మునుపటిలాగే నాలుగు మాత్రలు ఒకేసారి వేసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. కాబట్టి రోగి మాత్రలు మానిన వెంటనే ఇంట్లో మిగిలినవాటిని తీసివేయండి. జారిపడితే కోప్పడకుండా వెంటనే వైద్యునికి తెలియజేయండి. జారిపడిన వాడికి కూడా తౌబా ద్వారం తెరిచే ఉంటుంది.

అసలు నొప్పి సంగతి కూడా చూడాలి. నడుము నొప్పికి కారణం అలాగే ఉంటే మాత్ర మళ్లీ పిలుస్తుంది. ఫిజియోథెరపీ వ్యాయామాలు, గంటకోసారి లేచి నడవడం, గోడకు ఆనుకొని వీపుకు దిండు పెట్టుకొని కూర్చోవడం, చాటను కాస్త ఎత్తులో పెట్టుకోవడం వంటివి అలవాటు చేసుకోవాలి.

గల్ఫ్‌కు వెళ్లేవారికి ఒక మాట. ట్రమడాల్ వంటి మాత్రలపై యుఏఈలో కఠినమైన నియంత్రణ ఉంది. ముందస్తు అనుమతి, సరైన పత్రాలు లేకుండా సామానులో తీసుకెళ్తే జైలు పాలు కావచ్చు. ఇతరులు ఇచ్చిన మందుల పొట్లాన్ని కూడా తీసుకెళ్లకండి.

ఎక్కడికి వెళ్లాలి?

ఒకప్పుడు ఇలాంటి చికిత్స అంటే హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రి పేరే చెప్పేవారు. ఇప్పుడు ఆదిలాబాద్ రిమ్స్‌తో పాటు జగిత్యాల, రామగుండం, మంచిర్యాలలో 2022లో, కరీంనగర్, నిర్మల్, ఆసిఫాబాద్, సిరిసిల్లలలో 2023లో ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి. వీటి ఆసుపత్రులకు వెళ్లి మానసిక వైద్య విభాగం గురించి అడగండి. మానసిక వైద్యుడంటే పిచ్చికి మాత్రమే అన్న అపోహ వద్దు. అలవాటు మాన్పించే వైద్యం వారి విద్యలో భాగం. వెళ్లేటప్పుడు ఖాళీ పట్టీలన్నీ వెంట తీసుకెళ్లి, రోజుకు ఎన్ని వేసుకునేవారో దాచకుండా చెప్పండి. ఫోను ద్వారా సలహా కావాలంటే మాదకద్రవ్యాల విముక్తి కోసం 14446, మానసిక ఆరోగ్య సహాయం కోసం టెలీ మానస్ 14416 నంబర్లకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఈ లక్షణాలు కనిపిస్తే తెల్లవారే దాకా ఆగకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి: ఫిట్స్ రావడం, మతి తప్పి మాట్లాడటం, లేనివి కనిపించడం, నీళ్లు కూడా కడుపులో నిలవకపోవడం, మూత్రం రాకపోవడం, లేపినా లేవనంత మగత, ఊపిరి మరీ నెమ్మదించడం, చచ్చిపోతానని అనడం.

పాఠం సారాంశం

మాత్ర మానినప్పుడు కలిగే బాధ శరీర ధర్మం, దాన్ని బట్టి ఈమాన్‌ను కొలవరాదు. నల్లమందు జాతి మాత్రల విషయంలో రెండవ, మూడవ రోజులు కఠినమైనవి, తర్వాత సడలుతాయి. నిద్ర మాత్రలను సొంతంగా ఒక్కసారిగా మానడం ప్రాణాపాయం. వైద్యుణ్ణి అడగడం ప్రవక్త (స) బోధించిన మార్గం. ఇంటివారి దయ చికిత్సలో భాగం.

ఇంట్లో అందరూ కూర్చొని చర్చించండి

1. తలకు గాయమైన సహాబీ సంఘటనలో తోటివారు చేసిన పొరపాటు ఏమిటి? ఈనాడు మనం అలాంటి పొరపాటు ఎక్కడ చేస్తున్నాం?

2. మన ఇంట్లో ఉన్న మందుల పట్టీలలో ఎర్ర గీతల పెట్టె ఉన్నవి ఎన్ని? అవి ఎవరి చీటీ మీద, ఎంతకాలంగా వస్తున్నాయి?

3. మన బంధువుల్లో ఎవరైనా ఈ కష్టంలో ఉంటే, వారి పేరు బయటపడకుండా ఈ వారం మనం చేయగల సహాయం ఏమిటి?

నొప్పితో బాధపడేవారికి అల్లాహ్ స్వస్థత ప్రసాదించుగాక! చిక్కులో ఉన్నవారికి విముక్తి మార్గాన్ని సులభం చేయుగాక! వారి పక్కన నిలబడే సహనాన్ని, మంచి మాటను మనకు అనుగ్రహించుగాక! ఆమీన్.